వివాహానికి తగిన వేదిక

(శ్రావణమాస ప్రవచన పరంపరలో భాగంగా దేవస్థానం కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంకాలం ప్రవచనం ముగిసి, తీర్థప్రసాదాలు పుచ్చుకొని అందరూ లేస్తున్న సమయంలో దంపతులిద్దరు నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. వారి అమ్మాయికి సంబంధం కుదిరిందట. మాఘమాసంలో పెండ్లి చేయాలనుకొంటున్నారు. ఆయన జేబులోనుంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చి, "ఫంక్షన్ హాలువారు ఖాళీ ఉన్న తేదీలు మూడు రాసిచ్చారు శాస్త్రిగారూ. ఈ మూడింటిలో ఏది మంచిదో చూసి పెట్టండి" అన్నారు.

నేను దాదాపు యాభై ఏండ్లుగా పెండ్లిండ్లు చేయిస్తున్నాను. పూర్వం పంచాంగం చూసుకొని చోటు వెదికేవారు. ఇప్పుడు చోటు చూసుకొని పంచాంగం వెదుకుతున్నారు. వారిని నేను తప్పు పట్టలేదు. మూఢాలు, శూన్యమాసాలు పోగా మిగిలే ముహూర్తాలు కొద్ది. ఒకే రోజున ఊరినిండా పెండ్లిండ్లు. ఆడపిల్ల తండ్రికి చోటు దొరకదేమోనన్న భయం సహజమే. అయితే ఆ కాగితం చూశాక, ఈ విషయం నలుగురిలో విపులంగా చెప్పవలసిన అవసరం ఉన్నదనిపించింది. కనుక ఈనాటి కథాభాగాన్ని రేపటికి ఉంచి, వివాహానికి తగిన చోటు ఏది, దానిని ఎలా ఎంచుకోవాలి అన్నది మాత్రమే మనవి చేస్తాను. ఈ విషయంలో నేను స్వయంగా చేసిన పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెబుతాను.

శాస్త్రం ఏమంటున్నది?

వివాహం గృహ్యకర్మ. దాని విధానం గృహ్యసూత్రాలలో ఉన్నది. మనుస్మృతి మూడవ అధ్యాయంలో ఎనిమిది విధాల వివాహాలను చెబుతూ, మొదటిదైన బ్రాహ్మవివాహాన్ని వివరించేటప్పుడు కన్యాదాత వరుణ్ణి తానుగా పిలిచి, పూజించి కన్యను ఇవ్వాలని చెప్పారు. పిలిచి ఇవ్వడం అన్నప్పుడు అది దాత ఇంట జరిగేదని అర్థమవుతున్నది. మన తెలుగుదేశంలో ఎక్కువమంది ఆచారం కూడా అదే. ఆడపెండ్లివారి వాకిట రాట వేసి, తాటాకు పందిరి వేసి, మగపెండ్లివారికి విడిది ఏర్పాటు చేసి, ఎదురుకోలు పలికి తీసుకొనివచ్చేవారు.

అయితే ఇది ఒక్కటే మార్గమని శాస్త్రం శాసించలేదు. ఆశ్వలాయన మహర్షి వివాహ ప్రకరణం ఆరంభంలోనే, దేశధర్మాలూ గ్రామధర్మాలూ రకరకాలుగా ఉంటాయి, వివాహంలో వాటిని పాటించాలి అన్నారు. మన ప్రాంతాలలోనే కొన్ని కులాలవారు వరుని ఇంట పెండ్లి చేస్తారు. అది వారి ఆచారం. దోషమేమీ లేదు. కనుక "హాలులో చేస్తే పెండ్లి కాదు" అనేవారి మాటా సరి కాదు, "ఎక్కడ చేస్తేనేం" అనేవారి మాటా సరి కాదు. ఏ చోటైనా కర్మ సక్రమంగా సాగడానికి అనుకూలంగా ఉన్నదా లేదా అన్నదే చూడవలసినది.

శ్రీమద్రామాయణం బాలకాండలో సీతారామకల్యాణం ఎక్కడ జరిగిందో గుర్తు చేసుకోండి. జనకుడు మిథిలకు మహారాజు. ఆయనకు సభాభవనాలకు కొరత లేదు. అయినా కల్యాణం జరిగింది యజ్ఞం చేస్తున్న ప్రదేశంలో. వసిష్ఠులవారు విశ్వామిత్రునీ శతానందునీ ముందుంచుకొని, పందిరి నడుమ విధి ప్రకారం వేదిక ఏర్పరచి, గంధపుష్పాలతోనూ మొలకెత్తిన అంకురపాలికలతోనూ అలంకరించి, అగ్నిని ప్రతిష్ఠించి హోమం చేశారు. వాల్మీకి అక్కడ చెప్పినవి పందిరి, వేదిక, అంకురాలు, అగ్ని, హోమద్రవ్యాలు. చోటు ఎంచుకొనేటప్పుడు మనం మొదట అడగవలసిన ప్రశ్నలు కూడా ఈ జాబితాలోనే ఉన్నాయి. వేదిక ఎక్కడ? అగ్ని ఎక్కడ? పెద్దలు ఎక్కడ కూర్చుంటారు?

ముందు ఊరు, తరువాత ముహూర్తం, ఆ తరువాత భవనం

నిన్నటి దంపతులకు నేను చెప్పిన మొదటి మాట ఇది. ఈ వరుస తప్పితే ఏమవుతుందో లెక్కతో సహా చెబుతాను.

లగ్నం అన్నది ఆ ఊరి తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశి. కాబట్టి అది ఊరిని బట్టి మారుతుంది. ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా. విశాఖపట్నానికీ అనంతపురానికీ మధ్య సుమారు ఐదున్నర డిగ్రీలకు పైన ఉన్నది. అంటే ఆ కారణం చేతనే సుమారు 22 నిమిషాల తేడా. ఒక లగ్నం ఉండేది రమారమి రెండు గంటలు. అందులో నవాంశ ఒక్కొక్కటి సగటున 13 నిమిషాలు. దైవజ్ఞులు లగ్నంలో మంచి అంశను ఎంచి, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు జీలకర్ర బెల్లం అని రాసి ఇస్తారు. విశాఖకు పెట్టిన ఆ నిమిషాన్ని అనంతపురంలో యథాతథంగా వాడుకొంటే ఉద్దేశించిన అంశ ఇంకా రాకముందే కార్యం జరిగిపోతుంది.

ఈ రోజులలో రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కో, గోవాకో వెళ్ళి పెండ్లి చేసుకొనేవారు ఉన్నారు. విశాఖకూ ఉదయపూర్‌కూ సుమారు 38 నిమిషాల తేడా. ఇక అమెరికాలో ఉన్న మన పిల్లలైతే, ఇక్కడి పంచాంగంలోని తిథి నక్షత్రాల ఘడియలను కూడా అక్కడి కాలానికి మార్చుకోవాలి. నాలుగేండ్ల క్రిందట ఒక కుటుంబం వారు మా ఊరికని నేను పెట్టిన ముహూర్తం పట్టుకొని, తరువాత మరొక రాష్ట్రంలోని విడిదికి పెండ్లి మార్చుకొన్నారు. శుభలేఖ నాకు చేరినప్పుడు చూస్తే సమయం అదే ఉన్నది. ఫోను చేసి చెబితే, "అచ్చు వేయించేశామండీ" అన్నారు. శుభలేఖలో ఏమున్నా, పీటల మీద పురోహితుడు సరియైన సమయానికే చేయించవచ్చునని చెప్పి, కొత్త సమయం లెక్కకట్టి పంపాను. ముందే ఒక మాట అడిగి ఉంటే ఆ తొందరపాటు ఉండేది కాదు.

కనుక ముందుగా ఏ ఊరిలో చేస్తారో ఇరుపక్షాల పెద్దలు కూర్చొని నిశ్చయించుకోండి. ఆ ఊరి పేరు చెప్పి రెండు మూడు ముహూర్తాలు పెట్టించుకోండి. ఒక్కటే కాకుండా రెండు మూడు ఎందుకంటే, ఒకనాడు చోటు దొరకకపోతే మరొకనాడు దొరుకుతుంది. ఆ తేదీలు చేతిలో పెట్టుకొని అప్పుడు భవనం వెదకండి. ముహూర్తం రాత్రి రెండు గంటలకు అయితే, ఆ వేళ తలుపులు తెరిచి ఉంచుతారా, దీపాలు వేస్తారా, వంటశాల నడుస్తుందా అని మాట తీసుకోండి. శబ్దకాలుష్యాన్ని గూర్చి 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మైకులు పెట్టరాదు. తెల్లవారుజామున ముహూర్తమైనప్పుడు ఆరుబయట పచ్చికలో మైకు లేకుండానే చేసుకోవాలి. పెండ్లి మంత్రానికి మైకు అవసరం లేదు. వధూవరులకు వినిపిస్తే చాలును.

వేదిక ఎంత ఎత్తు ఉండాలి?

రామదైవజ్ఞుడు ముహూర్తచింతామణిలో వివాహవేదికకు ప్రమాణం చెప్పాడు. ఎత్తు ఒక మూర, నాలుగు వైపులా నాలుగేసి మూరలు, ఇంటికి ఎడమ భాగాన. మూర అంటే ఇంచుమించు అడుగున్నర. అంటే అడుగున్నర ఎత్తు, ఆరడుగుల చదరం. ఇప్పటి స్టేజీలతో దీనిని పోల్చండి. నాలుగడుగుల ఎత్తు, నలభై అడుగుల వెడల్పు, దానిపైన సోఫాలు, పూలగోడలు, దీపాల తోరణాలు. అంత ఎత్తుకు ఎక్కడానికి ముసలివారు కష్టపడతారు. క్రింద కూర్చున్నవారికి పీటల మీద కూర్చున్న వధూవరులు కనిపించరు. అడ్డంగా ఫోటోలవారు నిలబడి ఉంటారు. కనిపించేది వారి వీపులే.

కొంచెం పెద్దది చేసుకోండి, తప్పు లేదు. తల్లిదండ్రులు, పురోహితులు, హోమం, తలంబ్రాల పళ్ళేలు అన్నింటికీ చోటు కావాలి. కానీ రెండడుగులకు మించి ఎత్తు వద్దు. ఎక్కడానికి మెట్లతోపాటు ఒక వాలుదారి ఉండాలి. మన పూర్వులు కట్టిన కల్యాణమండపాలను చూడండి. లేపాక్షిలో విరూపణ్ణ కాలంలో మొదలై అసంపూర్తిగా మిగిలిపోయిన కల్యాణమండపం ఉన్నది. పైకప్పు లేదు, స్తంభాలు మాత్రమే నిలిచి ఉన్నాయి. హంపిలో విఠలాలయ ప్రాంగణంలో ఒకటి, వెల్లూరు కోటలోని జలకంఠేశ్వరాలయంలో ఒకటి ఉన్నాయి. ఇటువంటి మండపాలలో స్తంభాల నడుమ గాలి వస్తుంది, పొగ పోతుంది, చుట్టూ నిలిచినవారందరికీ కల్యాణం కనిపిస్తుంది. ఈ మూడు గుణాలు ఉన్న చోటు ఏదైనా మంచి వేదికే.

అగ్నికి అనుమతి ఉన్నదా?

చోటు మాట్లాడుకొనేటప్పుడు భోజనాల సంఖ్య అడుగుతారు, గదుల సంఖ్య అడుగుతారు, కార్లు నిలిపే స్థలం అడుగుతారు. "ఇక్కడ హోమం చేసుకోవచ్చునా?" అని అడిగేవారిని నేను చాలా తక్కువగా చూశాను. ఏసీ హాలులో పొగ వస్తే గంట మోగే యంత్రాలు ఉంటాయి. తివాచీలు ఉంటాయి. అందుకని వారు హోమం వద్దంటారు, లేదా ఒక చిన్న పళ్ళెంలో కర్పూరం వెలిగించుకోమంటారు. విదేశాలలోని హోటళ్ళలో ఈ నిబంధన మరింత కఠినంగా ఉంటుందని అక్కడి మనవారు చెబుతారు. అగ్నిసాక్షి అన్న మాటకు అర్థం కర్పూరపు బిళ్ళ కాదు. పాణిగ్రహణం, లాజహోమం, అగ్ని ప్రదక్షిణం, సప్తపది, ఇవన్నీ అగ్ని సన్నిధిలో జరగవలసినవి.

ఇది కేవలం ఆచారం మాట కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడవ సెక్షను ప్రకారం, సప్తపది ఉన్న సంప్రదాయాలలో ఏడవ అడుగు వేసినప్పుడే వివాహం సంపూర్ణమవుతుంది. ఆచారం ప్రకారం జరగవలసిన కర్మ ఏదీ జరగకుండా కేవలం ధ్రువపత్రం తెచ్చుకొన్నంత మాత్రాన హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక ఏడడుగులు నిదానంగా వేయడానికి చోటు, వేళ ఉన్నాయా అని చూసుకోవడం ఇంటి పెద్దల ధర్మం.

అగ్ని విషయంలో జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. 2004 జనవరిలో శ్రీరంగంలో ఒక కల్యాణమండపం మేడమీద వేసిన ఆకుల పందిరికి నిప్పంటుకొని వరునితో సహా పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. మాంగల్యం కట్టవలసిన చోట అటువంటి అనర్థం జరిగింది. అందుచేత చోటు చూడటానికి వెళ్ళినప్పుడు బయటికి పోవడానికి ఎన్ని దారులు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఇరుకు మెట్లదారి ఉన్న మేడగది అయితే, ఎంత అందంగా ఉన్నా వద్దనండి. హోమం పైన గుడ్డ తెరలు, ప్లాస్టిక్ పూలు, వేలాడే విద్యుత్తు తీగలు లేకుండా చూడండి. ఒక మనిషిని నీళ్ళ బిందెలతో, ఇసుకతో దగ్గరగా నిలపండి.

ఉత్తరాన ఆకాశం

ఇది చిన్న విషయంగా తోచవచ్చును. వధూవరులకు ధ్రువుణ్ణీ అరుంధతినీ చూపించాలి. ధ్రువుడు ఉత్తరాన మన అక్షాంశమెంతో అంత ఎత్తులోనే కనిపిస్తాడు. తిరుపతిలో సుమారు 13, 14 డిగ్రీలు, హైదరాబాదులో, విశాఖలో సుమారు 17, 18 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే క్షితిజానికి పైన రెండు పిడికిళ్ళలోపే. ఉత్తరాన ఎత్తయిన భవనం ఒకటి ఉంటే ఇక ధ్రువుడు కనిపించడు.

అరుంధతి సప్తర్షిమండలంలో వసిష్ఠుని ప్రక్కన ఉండే చిన్న చుక్క. చైత్ర వైశాఖాలలో రాత్రి తొలిజామున ఉత్తరాన ఎత్తుగా ఉంటుంది. మార్గశిరంలో అయితే తెల్లవారుజామున ఈశాన్యంలో చూడాలి. పగటి పెండ్లిలో పురోహితుడు వేలు చూపించి, "అదిగో అరుంధతి" అంటే అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. రాత్రి అయ్యాక అదే చోట నిలబడి, ఆ దంపతులను నిజంగా చూడమనండి. అందుకు ఒక డాబానో, ఒక పెరడో ఉత్తరం వైపు తెరపిగా ఉంటే చాలును. ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణం రాత్రివేళ వెన్నెలలో జరుగుతుంది. భద్రాచలంలో నవమినాడు పట్టపగలు జరుగుతుంది. వేళ ఏదైనా స్వామి కల్యాణాన్ని లోకమంతా చూస్తున్నది.

ఇంటి స్త్రీలను అడగండి

మన ప్రాంతంలో చాలామందికి ఆపస్తంబసూత్రం. ఆపస్తంబులవారు వివాహంలోని ఆచారాలను స్త్రీల వద్దనుంచి తెలుసుకోవాలి అన్నారు. సూత్రకారుడు ఆ మాట అన్న తరువాత, చోటు చూడటానికి మగవారు మాత్రమే కారెక్కి పోవడం ఏమి న్యాయం? అమ్మమ్మనూ, నాయనమ్మనూ, పెద్దత్తనూ తీసుకొని వెళ్ళండి. మంగళస్నానానికి చోటెక్కడ, గౌరీపూజకు వధువు ఎక్కడ కూర్చుంటుంది, మధుపర్కాలు మార్చుకొనే గది వేదికకు ఎంత దూరం, చంటిబిడ్డ తల్లికి తలుపు వేసుకొనే గది ఉన్నదా, మరుగుదొడ్లు ఏ స్థితిలో ఉన్నాయి, వంటకు మంచినీళ్ళు ఎక్కడివి, ఇవన్నీ వారికి తోచినట్లు మనకు తోచవు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను.

సుమారు ఇరవై ఏండ్ల క్రిందటి మాట. గోదావరి ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుని ఇంట నిశ్చయతాంబూలాలు. ఆయనది పెద్ద లోగిలి. ముందు విశాలమైన వాకిలి, ప్రక్కన కొబ్బరితోట. పెండ్లి ఇంటి దగ్గరే చేయాలని ఆయన కోరిక. మగపెండ్లివారు మంచివారే. కట్నం అడగలేదు. "మా బంధువులంతా పట్నంనుంచి వస్తారండీ, పట్నంలో మంచి ఏసీ హాలు తీసుకోండి" అని మాత్రం అన్నారు. అది ఒక్కటే కదా అన్నట్లు అన్నారు. మాస్టారు నా వైపు తిరిగి, "శాస్త్రిగారూ, మీరు చెప్పండి. ఇంటి దగ్గర చేయడమే పద్ధతి కదా?" అన్నారు.

నేను వరుని తండ్రి ముఖం చూశాను. ఆయన పెద్ద ఉద్యోగి. నాకు వారి వైపునుంచి రెండు మూడు కార్యాలు రావలసి ఉన్నాయి. నేను, "ఎక్కడ చేసినా ఒకటేనండీ, మనస్సు ముఖ్యం" అన్నాను. అందరూ తలలూపారు. ఆ మాట శాస్త్రవిరుద్ధం కాదు. కానీ ఆ మాట ఆ క్షణంలో నేను ధర్మం కోసం చెప్పలేదు, నా సౌకర్యం కోసం చెప్పాను.

పెండ్లి పట్నంలో హాలు మేడమీద జరిగింది. లిఫ్టు ఆనాడు పని చేయలేదు. మాస్టారి తల్లిగారికి ఎనభై దాటిన వయస్సు. మోకాళ్ళు పట్టుకుపోయి ఉన్నాయి. కుర్చీలో కూర్చోబెట్టి మోయడానికి ఇద్దరు ముగ్గురు ప్రయత్నించారు. మెట్లు ఇరుకు. ఆవిడే, "ముహూర్తం దాటిపోతుందిరా, నన్ను వదిలి మీరు పొండి" అన్నారు. క్రింద భోజనాల గదిలో ఒక కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి అందరూ పైకి వచ్చారు. ఈ సంగతి నాకు పీటల మీద ఉండగా తెలియదు. మధ్యాహ్నానికి మరొకరి కార్యక్రమం ఉన్నదని హాలువారు తొందరపెడితే సప్తపది గబగబా చేయించాను. అందుకు కూడా నేనే బాధ్యుణ్ణి.

తరువాత నాలుగైదేండ్లకు మాస్టారు ఒక బస్సు స్టాండులో కనిపించారు. ఆ కొబ్బరితోట అప్పటికి లేదు. పెండ్లి అప్పు కింద పోయింది. అమ్మాయి సుఖంగా ఉన్నదని సంతోషంగా చెప్పారు. తల్లిగారు కాలం చేశారని చెప్పారు. ఆ తరువాత, "పోయేదాకా మా అమ్మ ఒకటే అడిగేదండీ. మధుపర్కాలలో పిల్ల ఎట్లా ఉందిరా అని. ఫోటోలు చూపిస్తే, ఇది కాదురా, ఎట్లా ఉంది చెప్పు అనేది" అన్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనవలసిన పని లేదు. నా బస్సు వచ్చింది, నేను ఎక్కలేదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

ఆనాడు నేను చెప్పవలసిన మాట ఇది. "అయ్యా, వరుని బంధువుల సౌకర్యం చూడవలసినదే. అయితే ఈ ఇంట ఎనభై ఏండ్ల పెద్దావిడ ఉన్నారు. ఆవిడ చూడగలిగిన చోటే ఈ పెండ్లికి తగిన చోటు. ఖర్చు మాస్టారి శక్తిని దాటరాదు." ఇంత చెబితే ఆ వరుని తండ్రి కాదనేవారని నేను అనుకోను. ఆయన మంచివారు. చెప్పేవారు లేకనే ఆయనకు తోచలేదు. అప్పటినుంచి ఏ ఇంట తాంబూలాలకు వెళ్ళినా, ఎవరూ అడగకపోయినా, "మీ ఇంటిలో అందరికంటె పెద్దవారు ఎవరు? వారు మెట్లు ఎక్కగలరా?" అని నేనే అడుగుతున్నాను.

శక్తికి తగిన చోటు

సంకల్పంలో యథాశక్తి అని పలుకుతాము. ఆ మాట దేవుని ఎదుట పలికి, అప్పు చేసి హాలు తీసుకోవడం పొసగదు. కట్నం వద్దని చెప్పి ఖరీదైన హాలు కోరడం కూడా ఒక రకంగా కట్నమే. హాలు కోరేవారు దాని ఖర్చులో సగం తాము భరిస్తామని ఆ నోటితోనే చెప్పాలి. అది మర్యాద. ఈ రోజులలో అలా పంచుకొనే కుటుంబాలు పెరుగుతున్నాయి, సంతోషం.

ఇంటి దగ్గర చేస్తే అంతా సుఖమని నేను చెప్పడం లేదు. మా అమ్మాయి పెండ్లి మా ఇంటి ముందు తాటాకు పందిరిలో చేశాను. తెల్లవారుజామున వాన వచ్చి పందిరంతా కారింది. పొయ్యిలు తడిసిపోయాయి. ఎదురింటివారు తమ వసారా ఖాళీ చేసి ఇస్తే హోమం అక్కడ జరిగింది. ఇరుగుపొరుగు అటువంటివారు ఉంటేనే ఇంటి పెండ్లి. అపార్టుమెంటులో మూడు గదులలో ఉండేవారికి అది వీలు కాదు. వారికి సత్రాలు, కల్యాణమండపాలు, ఆలయ ప్రాంగణాలు ఉన్నాయి.

దేవాలయంలో పెండ్లి చేయవచ్చునా అని అడుగుతారు. నిస్సంశయంగా చేయవచ్చును. అన్నవరం రత్నగిరి మీద పెండ్లి చేసుకొని, ఆ పసుపు బట్టలతోనే సత్యనారాయణస్వామి వ్రతం చేసుకొని వచ్చే దంపతులను మీరు చూసే ఉంటారు. ద్వారకా తిరుమలలోనూ అంతే. తిరుమలలో పాపవినాశనం దారిలోని కల్యాణవేదికలో 2016 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానంవారు ఉచితంగా వివాహాలు జరిపిస్తున్నారు. పురోహితుణ్ణీ, మంగళవాద్యాన్నీ వారే ఏర్పాటు చేస్తారు. వధూవరుల తల్లిదండ్రులు రావాలి. వధువుకు 18, వరునికి 21 ఏండ్లు నిండినట్లు పత్రాలు చూపాలి. ఏ ఆలయంలోనైనా ముందుగా నియమాలు తెలుసుకొని, స్వామికి జరిగే నిత్యపూజలకు అడ్డు రాకుండా చేసుకోవాలి. పెండ్లి జరిగిన వెంటనే వివాహాన్ని నమోదు చేయించుకోండి. 2002 నాటి చట్టం ప్రకారం అది తప్పనిసరి.

ఆలయంలో చేస్తే బంధువులు తక్కువ వస్తారని కొందరి బాధ. వచ్చినవారు పెండ్లి చూస్తారు కదా. వెయ్యిమంది వచ్చి, భోజనం చేసి, మాంగల్యధారణ చూడకుండా వెళ్ళే పెండ్లికంటె, నూరుమంది కూర్చొని అక్షతలు వేసి ఆశీర్వదించే పెండ్లి గొప్పది.

దాతలకు ఒక మనవి

ఈ సభలో కల్యాణమండపాలు కట్టించిన దాతలు, కట్టించదలచినవారు ఉన్నారు. మీ పుణ్యం చేత ఎందరో పేదల ఇంట శుభకార్యాలు జరుగుతున్నాయి. మీకు చెప్పదగినవాణ్ణి కాకపోయినా, యాభై ఏండ్లు పీటల ప్రక్కన కూర్చున్నవాణ్ణి కనుక మనవి చేస్తున్నాను. చలువరాళ్ళకూ, వ్రేలాడే దీపగుత్తులకూ ఇచ్చే ధనంలో కొంత తగ్గించి నాలుగు పనులు చేయండి. వేదిక నేలమీదనే, తక్కువ ఎత్తులో, చక్రాల కుర్చీ పోయే వాలుదారితో ఉండాలి. హోమగుండానికి స్థిరమైన చోటు, పైన పొగ పోయే దారి ఉండాలి. స్త్రీలకు శుభ్రమైన గదులు, స్నానాల గదులు ఉండాలి. ఉత్తరాన తెరపిగా ఒక అరుగు ఉండాలి. ఆ అరుగుమీద మీ పేరు చెక్కించుకోండి. అక్కడ నిలబడి అరుంధతిని చూసిన ప్రతి జంటా మిమ్మల్ని తలచుకొంటుంది.

నిన్నటి దంపతులు కూడా ఈ సభలోనే కూర్చొని ఉన్నారు. వారి కాగితం ఇంకా నా దగ్గరే ఉన్నది. అమ్మా, అయ్యా, మీరు ముందు ఊరు చెప్పండి. మీ ఇంట పెద్దవారు ఎవరో చెప్పండి. ఆ రెండూ తెలిసిన తరువాత ముహూర్తం నేను చూస్తాను. ఆ తేదీలు తీసుకొని, మీ అమ్మగారిని వెంటబెట్టుకొని వెళ్ళి చోటు చూసుకోండి.

ఈ మాసంలో చీకటి పడ్డాక సప్తర్షులు వాయవ్యదిశలో ఉంటారు. మబ్బు లేకపోతే, ప్రసాదం పుచ్చుకొని వెళ్ళేటప్పుడు ఈ మండపం వెనుకకు వెళ్ళి ఒకసారి చూడండి. మీ పెండ్లినాడు చూడలేకపోయినవారు ఈనాడైనా చూడవచ్చును.

పెండ్లీడుకు వచ్చిన పిల్లలు ఉన్న ప్రతి ఇంటా స్వామి అనుగ్రహం చేత సకాలంలో, సుస్థలంలో కల్యాణం జరుగుగాక. ఆ ఇంటి పెద్దలందరూ దానిని కన్నులారా చూచెదరు గాక.

స్వస్తి. శుభం భూయాత్.